మంచినీటి తొట్టె నుంచి పగడాల తొట్టెకు

ఉప్పునీటి అక్వేరియాల్లో రీఫ్ ట్యాంకు, అంటే పగడాల తొట్టె, ఒక ప్రత్యేకమైన రకం. ఇందులో చేపలకన్నా పగడాలకే పెద్దపీట. రాళ్లు, ఇసుక, వాటిని పట్టుకుని బతికే సూక్ష్మజీవులు, నత్తలు, రొయ్యలు, పగడాలు, వాటి మధ్య తిరిగే కొద్దిపాటి చేపలు అన్నీ కలిస్తేనే అది రీఫ్ ట్యాంకు. గప్పీలు, టెట్రాలు, ఏంజెల్ చేపలు పెంచి చేయి తిరిగినవారిలో చాలామంది ఏదో ఒకనాడు దీనివైపు చూస్తారు. ఉన్న తొట్టెలోనే ఉప్పు కలిపితే సరిపోతుందని మొదట అనుకుంటారు.

పాత సామాన్లలో కొన్ని పనికొస్తాయి, పాత అలవాట్లలోనూ కొన్ని పనికొస్తాయి. నీటిని చూసే చూపు మాత్రం పూర్తిగా మారాలి. మంచినీటి తొట్టెలో నీరు చేపలు ఉండే చోటు. పగడాల తొట్టెలో ఆ నీరే జీవులకు మేత, ఇల్లు కట్టుకునే సున్నం. అందులోంచి రోజూ ఏదో ఒకటి ఖర్చవుతూనే ఉంటుంది. ఎంత ఖర్చయిందో గమనించి అంతే తిరిగి అందించడం, నీటిని నిన్న ఉన్నట్టే ఇవాళ కూడా ఉంచడం ఇక్కడి అసలు పని. ఖరీదైన యంత్రాలన్నీ ఆ పనికి సాయం చేసేవే.

ఎలా మొదలైంది

ఉప్పునీటి తొట్టె ఈమధ్య వచ్చిన సరదా కాదు. లండన్‌లో ఒక చర్చి అధికారి భార్య అయిన అనా థిన్ 1846లో ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని టార్కీ నుంచి కొన్ని రాతి పగడాలను తెచ్చి, ఇంట్లో గాజు పాత్రల్లో పెట్టింది. నీటికి గాలి తగలకపోతే అవి చనిపోతాయని ఆమె గ్రహించింది. అప్పటికి విద్యుత్ పంపులు లేవు. ఇంటి పనిమనిషి రోజూ కిటికీ దగ్గర నిలబడి, అరగంటకు పైగా ఆ నీటిని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పోస్తూ ఉండేది. తర్వాత అనా థిన్ సముద్రపు నాచును కూడా అందులో చేర్చింది. ఆ ఏర్పాటు దాదాపు మూడేళ్లు నిలిచింది.

1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు మంచినీటి తొట్టెలో మొక్క, చేప, నత్త ఒకదానినొకటి ఎలా పోషించుకుంటాయో వివరించాడు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాల ప్రజల కోసం ఫిష్ హౌస్ తెరిచింది. దానికి తోడ్పడిన ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఫిలిప్ హెన్రీ గాస్ మరుసటి ఏడాది ‘ది అక్వేరియం’ అనే పుస్తకం వెలువరించాడు. ఇంగ్లండ్‌లో గాజు తొట్టెల మోజు ఊపందుకుంది. జనం తీరానికి ఎగబడి రాళ్ల మీది జీవులను ఏరుకుపోయారు. తన తండ్రి రచనల వల్లే ఆ తీరాలు బోసిపోయాయని గాస్ కొడుకు ఎడ్మండ్ 1907 నాటి తన పుస్తకంలో బాధపడ్డాడు. ఈ అభిరుచికి, సముద్రానికి జరిగే నష్టానికి ఉన్న సంబంధం అంత పాతది.

ఉష్ణమండలపు పగడాలు ఇళ్లలో నిలవడానికి ఇంకో వందేళ్లు పట్టింది. జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ తన పద్ధతిని 1961లో ఒక అమెరికన్ అక్వేరియం పత్రికలో వివరించాడు. సముద్రపు నీరు, జీవాలతో నిండిన రాళ్లు, వెలుగు, సన్నని గాలి బుడగలు, అంతే. వడపోత యంత్రం లేదు. వడకట్టే పనంతా ఆ రాళ్లలోని జీవులే చేసేవి. ఇప్పుడు ‘లైవ్ రాక్’ అని పిలిచేది దాన్నే. 1970ల్లో, 80ల్లో పీటర్ విల్కెన్స్, ఆయన బాటలో నడిచిన జర్మనీ ఔత్సాహికులు ఆ రాళ్లకు బలమైన దీపాలు, నురగ తీసే యంత్రం, సున్నపు తేట జోడించారు. దానికే బెర్లిన్ పద్ధతి అని పేరు. నేటి ఇళ్లలోని పగడాల తొట్టెల్లో ఎక్కువ భాగం కొద్ది మార్పులతో ఆ దారిలోనే నడుస్తున్నాయి.

సముద్రపు నీరు అంటే

ఛాలెంజర్ నౌక 1870ల్లో ప్రపంచ సముద్రాలన్నీ చుట్టి తెచ్చిన నీటిలో 77 నమూనాలను విలియం డిట్మార్ పరీక్షించి, 1884లో ఫలితాలు ప్రకటించాడు. ఒక చోట ఉప్పు ఎక్కువ, ఇంకోచోట తక్కువ ఉన్నా, ముఖ్యమైన లవణాల మధ్య నిష్పత్తి మాత్రం అన్నిచోట్లా దాదాపు ఒక్కటేనని తేలింది. పొట్లంలో అమ్మే కృత్రిమ సముద్రపు ఉప్పు ఈ సూత్రం మీదే తయారవుతుంది. లీటరు శుద్ధమైన నీటికి సుమారు 35 గ్రాములు కలిపితే 35 పీపీటీ (వెయ్యికి 35 వంతులు) సెలైనిటీ, అంటే ఉప్పదనం, వస్తుంది. 200 లీటర్ల తొట్టెకు 7 కిలోలు కావాలి.

వంటింటి ఉప్పు దీనికి పనికిరాదు. సముద్రపు లవణాల్లో సోడియం, క్లోరైడ్ కలిసి 85 శాతం దాకా ఉంటాయి. పగడాలు నిలవాలంటే మిగతా 15 శాతం తప్పనిసరి. లీటరు సముద్రపు నీటిలో మెగ్నీషియం దాదాపు 1,290 మిల్లీగ్రాములు, కాల్షియం 410, పొటాషియం 400 ఉంటాయి. పీహెచ్ 8.1 చుట్టూ, ఆల్కలినిటీ, అంటే పీహెచ్‌ను నిలబెట్టే క్షార నిల్వ, దాని కొలమానమైన డీకేహెచ్‌లో 7 దగ్గర ఉంటుంది. రొయ్యల చెరువు నడిపిన గోదావరి జిల్లాల రైతుకు ఈ మాటలేవీ కొత్త కావు. సెలైనిటీ చూసే రిఫ్రాక్టోమీటరు, అమ్మోనియా కిట్టు, ఆల్కలినిటీ పరీక్ష ఆయన చేతిలో రోజూ ఉండేవే. నగరంలో గోల్డ్ ఫిష్ పెంచినవారికన్నా రొయ్యల హేచరీలో పనిచేసిన కుర్రవాడికి పగడాల తొట్టె త్వరగా అర్థమవుతుంది.

తీరంలో ఉన్నవారికి సముద్రం నుంచే నీరు తెచ్చుకుందామని అనిపిస్తుంది. ఆంధ్ర తీరంలో దానికి రెండు అడ్డంకులున్నాయి. రేవులు, పట్టణాల దగ్గర నీటిలో మురుగు, నూనె కలుస్తాయి. రెండోది అంత తేలిగ్గా కంటికి కనిపించదు. వానాకాలం తర్వాత గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి నదుల నీరు బంగాళాఖాతం పైపొరలో పరుచుకుని తీరం వెంట దక్షిణానికి కదులుతుంది. అప్పుడు విశాఖ తీరంలో పైనీటి సెలైనిటీ 30 పీపీటీకి దిగువకు కూడా పడిపోతుంది. ఆంధ్ర తీరం పొడవునా పెద్ద పగడపు దిబ్బలు లేకపోవడానికి ఈ మంచినీరు, దానితో వచ్చే ఒండ్రు ముఖ్య కారణాలు.

ఉప్పు కలపాల్సిన నీరు కూడా శుద్ధంగా ఉండాలి. బోరునీటిలో నైట్రేటు, సిలికేటు ఉంటాయి. మంచినీటి మొక్కల తొట్టెలో నైట్రేటు ఎరువు. పగడాల తొట్టెలో అది నాచును పెంచుతుంది. ఇంట్లో తాగేందుకు పెట్టుకునే ఆర్‌ఓ యంత్రం రుచి కోసం కొన్ని లవణాలను నీటిలో మిగులుస్తుంది, లేదా తిరిగి కలుపుతుంది. కాబట్టి దానినుంచి వచ్చిన నీటిని మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెసిన్ గుండా ఇంకోసారి పంపి, కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరులో సున్నా చూపించేదాకా శుద్ధి చేస్తారు. ఇత్తడి కుళాయిలు, రాగి గొట్టాల గుండా వచ్చిన నీటితో మరీ జాగ్రత్తగా ఉండాలి. చేపలు తట్టుకునే కొద్దిపాటి రాగి కూడా రొయ్యలను, నత్తలను, పగడాలను చంపేస్తుంది.

కొత్తగా వచ్చినవారిని తరచూ దెబ్బతీసేది ఆవిరి. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు తొట్టెలోనే ఉండిపోతుంది. 200 లీటర్ల తొట్టెలో రోజుకు 3 లీటర్లు ఆవిరై వారంపాటు ఎవరూ పట్టించుకోకపోతే, 35 పీపీటీ ఉన్న సెలైనిటీ 39 దాటుతుంది. తగ్గింది కదా అని ఉప్పునీరే పోస్తే వారం వారం అది పెరుగుతూనే పోతుంది. పోయాల్సింది ఉప్పు లేని శుద్ధమైన నీరు. ఈ పనిని రోజూ చేత్తో చేయడం కష్టం కాబట్టి, నీటిమట్టం తగ్గగానే తనంతట తాను నింపే చిన్న పంపును అమరుస్తారు. దీపాలకన్నా ముందు దీనికే డబ్బు పెట్టడం మంచిది.

చేప ఒంట్లో నీటి లెక్క

మంచినీటి చేప రక్తంలో ఉప్పు చుట్టూ ఉన్న నీటిలోకన్నా ఎక్కువ. అందువల్ల మొప్పల గుండా నీరు ఒంట్లోకి చొరబడుతూనే ఉంటుంది. చేప దాదాపుగా నీరు తాగదు, పలుచని మూత్రాన్ని ధారాళంగా విసర్జిస్తుంది. సముద్రపు చేపది తలకిందుల పరిస్థితి. ఒంట్లోని నీరు బయటికి పోతూ ఉంటుంది. అది సముద్రపు నీటినే తాగి, అదనపు ఉప్పును మొప్పల్లోని ప్రత్యేక కణాల ద్వారా బయటికి నెడుతుంది. టెట్రాను ఉప్పునీటిలో వేస్తే ఒంట్లో నీరు ఇంకిపోయి చనిపోతుంది. సముద్రపు చేపను మంచినీటిలో వదిలితే ఒళ్లు ఉబ్బి చనిపోతుంది.

రెండు నీళ్లలోనూ బతికే నేర్పున్న చేపలు కొన్ని ఉన్నాయి. బంగాళాఖాతం నుంచి వరద గోదావరికి ఎదురీదే పులస తన మొప్పల పనితీరునే దారిలో మార్చుకుంటుంది. పండుగప్ప కూడా ఉప్పుటేరుల్లోనూ మంచినీటి చెరువుల్లోనూ పెరుగుతుంది. వన్నామీ రొయ్య దాదాపు మంచినీటిలో కూడా బతుకుతుంది కాబట్టే తీరానికి దూరంగా సాగవుతోంది. ఇంటి తొట్టెల్లో ఈ నేర్పున్నది మోలీ. కొద్ది కొద్దిగా ఉప్పు పెంచుకుంటూ పోతే అది పూర్తి సముద్రపు నీటిలో హాయిగా బతకడమే కాదు, పిల్లలు కూడా పెడుతుంది. పాత తొట్టెలోంచి కొత్త తొట్టెలోకి ధైర్యంగా తీసుకెళ్లగలిగిన చేప ఇదొక్కటే అనుకోవచ్చు. నాచు కూడా మేస్తుంది.

పగడాలకు, సముద్రపు నక్షత్రాలకు ఇలాంటి సర్దుబాటు యంత్రాంగం లేదు. బయట ఉప్పు ఎంతో లోపలా అంతే. వాటి జాతులు పుట్టిన దిబ్బల దగ్గర నీరు ఏడాది పొడవునా పెద్దగా మారదు. మడుగుల్లో, వరి పొలాల కాలవల్లో ఎండావానలకు ఓర్చుకునే మంచినీటి చేపల ఓర్పు వాటి నుంచి ఆశించకూడదు. కొత్త జీవిని తెచ్చినప్పుడు సన్నని గొట్టంతో తొట్టె నీటిని చుక్క చుక్కగా దాని సంచిలోకి వదిలి అలవాటు చేసేది ఇందుకే.

మొదటి నెలలు

అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా తొట్టెలో స్థిరపడాలన్న సూత్రం రెండు రకాల తొట్టెల్లోనూ ఒక్కటే. ఉప్పునీటిలో అమ్మోనియా మరింత ప్రమాదకరం. పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషపూరితమైన రూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. 8.2 దగ్గర అది ఆరేడు వంతులకు చేరుతుంది. నైట్రైటు విషయం దీనికి విరుద్ధం. సముద్రపు నీటిలో క్లోరైడు విస్తారంగా ఉండడం వల్ల నైట్రైటు చేప రక్తంలోకి అంతగా చొరబడలేదు.

ఎండు రాళ్లతో మొదలుపెడితే ఈ బ్యాక్టీరియా కుదురుకోవడానికి నెల, నెలన్నర పట్టవచ్చు. ఆ తర్వాత వచ్చే దశ చాలామందిని వెనక్కి పంపేస్తుంది. ఇసుక మీద గోధుమరంగు డయాటమ్‌ల పొర పరుచుకుంటుంది. అది పోయేసరికి ఎర్రని సైనోబ్యాక్టీరియా జిగురు, ఆపై ఆకుపచ్చని వెంట్రుకల నాచు వస్తాయి. తొట్టె పాడైపోయిందని భయపడి మందులు పోసేవారున్నారు. చాలాసార్లు అది ఖాళీగా ఉన్న రాళ్లను జీవులు ఒకదాని తర్వాత ఒకటి ఆక్రమించుకునే సహజ క్రమం. నాచు మేసే ట్రోకస్, టర్బో నత్తలను వదిలి, మేత తగ్గించి, నెలల తరబడి ఓపికపట్టడమే వైద్యం. నైట్రేటు, ఫాస్ఫేటు రెండూ సున్నాకు రావాలని పట్టుబట్టడం కూడా తప్పే. వాటిని పూర్తిగా తుడిచేస్తే పగడాలు పాలిపోతాయి. డైనోఫ్లాజెల్లేట్ల జిగురు పట్టి దాన్ని వదిలించడం ఇంకా కష్టమవుతుంది. నైట్రేటు లీటరుకు 5 నుంచి 10 మిల్లీగ్రాములు, ఫాస్ఫేటు 0.1 లోపు ఉంటే చాలని అనుభవజ్ఞులు చెబుతారు.

వెలుగు, సున్నం

పగడం జంతువే. దాని కణాల లోపల కాంతితో ఆహారం తయారుచేసుకునే ఏకకణ శైవలాలు కాపురముంటాయి. వాటి పేరు జూజాంథెల్లే. లోతు తక్కువ దిబ్బల మీది పగడాలు తమకు కావలసిన శక్తిలో 90 శాతం దాకా వీటినుంచే పొందగలవు. నీరు వేడెక్కినప్పుడు పగడం వీటిని బయటికి నెట్టేసి తెల్లబడుతుంది. 2023లో మొదలైన ఇలాంటి తెల్లబాటును ప్రపంచవ్యాప్తంగా నమోదైన నాలుగోదిగా 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

అందువల్ల తొట్టె మీది దీపం అలంకారం కాదు, అది జీవుల తిండి. ఒకప్పుడు మెటల్ హాలైడ్ దీపాలు, టీ5 గొట్టాలు వాడేవారు. అవి కరెంటును మింగేవి, నీటిని కాచేవి. ఇప్పుడు నీలిరంగు ఎక్కువగా ఉండే ఎల్‌ఈడీలు వాటి స్థానంలోకి వచ్చాయి. కొత్త దీపాన్ని మొదటిరోజే పూర్తి వెలుగులో పెడితే పగడాలు మాడిపోతాయి. వారాల తరబడి కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి.

ఇక సున్నం. గట్టి పగడం నీటిలోని కాల్షియాన్ని, బైకార్బొనేటును తీసుకుని అరగొనైట్ అనే సున్నపు రూపంలో ఎముకను కట్టుకుంటుంది. ఆల్కలినిటీ 2.8 డీకేహెచ్ తగ్గితే కాల్షియం లీటరుకు 20 మిల్లీగ్రాములు తగ్గుతుంది. ఈ లెక్క ఎప్పుడూ తప్పదు కాబట్టి రెండింటినీ జోడుగా అందిస్తారు. చిన్న తొట్టెల్లో వారం వారం నీరు మార్చితే చాలు. పగడాలు పెరిగేకొద్దీ అది సరిపోదు. అప్పుడు రాత్రిపూట సున్నపు తేటను చుక్కలుగా వదులుతారు, లేదా రెండు ద్రావణాలను మర పంపులతో కొలిచి పోస్తారు. పెద్ద తొట్టెలవారు కార్బన్ డయాక్సైడుతో సున్నపురాయిని కరిగించే కాల్షియం రియాక్టరు పెట్టుకుంటారు. ఆల్కలినిటీ 7.5 మంచిదా 9 మంచిదా అన్న వాదన తెగదు. ఏదైనా ఫరవాలేదు, అది వారమంతా అక్కడే ఉండాలి. ఒక్కరోజులో 7 నుంచి 10కి ఎగబాకితే పగడాల కొసలు కాలినట్టు తెల్లబడతాయి.

సామాన్లు

పాత గాజు తొట్టె పనికొస్తుంది, ఒక షరతు మీద. అందులో ఎప్పుడైనా రాగి కలిసిన మందు వాడి ఉంటే దాన్ని పగడాలకు వాడకపోవడమే క్షేమం. గులకరాళ్లు, రంగురాళ్లు, నీట నానిన చెక్క మొద్దులు తీసేయాలి. వాటి స్థానంలో అరగొనైట్ ఇసుక, సందులెక్కువ ఉన్న రాయి వస్తాయి. మొక్కల తొట్టెలో కార్బన్ డయాక్సైడు వదిలి పీహెచ్ దించేవారు ఇక్కడ అది తగ్గకుండా చూసుకోవాలి.

కొత్తగా కొనాల్సినవాటిలో ముఖ్యమైనది నురగ తీసే యంత్రం, అంటే ప్రోటీన్ స్కిమ్మర్. ఉప్పునీటిలో బుడగలు సన్నగా ఏర్పడతాయి, ఎక్కువసేపు నిలుస్తాయి. చేపల విసర్జితాల్లోని ప్రోటీన్లు, కొవ్వులు ఆ బుడగల గోడలకు అంటుకుని నురగగా పైకి వస్తాయి. అలలు విరిగే చోట సముద్రపు ఒడ్డున కట్టే నురగకు కారణమూ ఇదే. కుళ్లి అమ్మోనియాగా మారకముందే ఆ మలినాన్ని బయటికి తీయడం స్కిమ్మర్ ప్రత్యేకత. మంచినీటిలో ఇది సరిగా పనిచేయదు. తొట్టె లోపల రెండు మూడు పంపులు నీటిని అటూ ఇటూ తిప్పుతూ ఉండాలి. కదలలేని పగడానికి తిండి, ఆక్సిజన్ తెచ్చేది ఆ ప్రవాహమే.

తెలుగు నేల మీద అన్నిటికన్నా పెద్ద ఖర్చు చల్లదనానిది. పగడాలకు 25 నుంచి 27 డిగ్రీలు హాయి. మే నెలలో రాజమహేంద్రవరంలో పై అంతస్తు గదిలోని తొట్టె నీరు 32 దాటడం వింతేమీ కాదు. నీటిపైకి ఫ్యాను పెడితే ఆవిరి వల్ల కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. హైదరాబాదు పొడిగాలిలో ఇది బాగా పనిచేస్తుంది, తీరప్రాంతపు ఉక్కపోతలో అంతగా చేయదు. చేసిన చోట ఆవిరి పెరిగి సెలైనిటీ లెక్క మళ్లీ ముందుకొస్తుంది. చాలామందికి చివరికి చిల్లర్ తప్పదు. పైగా 25 డిగ్రీల దగ్గర సముద్రపు నీటిలో ఇమిడే ఆక్సిజన్ మంచినీటిలోకన్నా దాదాపు ఐదోవంతు తక్కువ. కరెంటు పోయి పంపులు ఆగితే మంచినీటి తొట్టెలో దొరికే గడువు ఇక్కడ దొరకదు. ఒక పంపునైనా ఇన్వర్టరుకు కలపాలి, కనీసం బ్యాటరీ గాలి పంపు ఉండాలి.

ఉప్పునీరు ప్లగ్గుల మీదికి పాకి తెల్లగా గడ్డకడుతుంది. ఈ తొట్టెకు వెళ్లే లైనుకు, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ పెట్టించడం ప్రాణానికి సంబంధించిన విషయం.

ఏ జీవులు, ఏ వరసలో

మంచినీటి తొట్టెలో చేపలు గుంపుగా ఉంటేనే అందం. 200 లీటర్ల పగడాల తొట్టెలో ఐదారు చిన్న చేపలకు మించి పెట్టకపోవడం మంచిది. ఒక జత క్లౌన్ చేపలు, ఒకటో రెండో గోబీలు, ఒక ఫైర్‌ఫిష్, రాళ్ల మధ్య ఒక క్లీనర్ రొయ్య చాలు. క్లౌన్ చేపలన్నీ మొదట మగవే. గుంపులో పెద్దది ఆడదిగా మారుతుంది, అది పోతే తర్వాతది దాని చోటు తీసుకుంటుంది. 2003లో ‘ఫైండింగ్ నీమో’ వచ్చాక పిల్లలంతా అడిగే రెండో చేప నీలిరంగు టాంగ్. అది అడుగు పొడవు దాకా పెరిగి, రోజంతా ఈదే చేప. చిన్న తొట్టెలో దాన్ని పెట్టడం దాన్ని హింసించడమే.

సముద్రపు చేపలకూ తెల్లమచ్చల జబ్బు వస్తుంది. మంచినీటి తెల్లమచ్చలను పోలినా, ఇది క్రిప్టోకారియాన్ అనే వేరే పరాన్నజీవి వల్ల వస్తుంది. వేడి పెంచి కాస్త ఉప్పు వేసే పాత చిట్కా ఇక్కడ పనిచేయదు. రాగి మందు పనిచేస్తుంది, పగడాలున్న తొట్టెలో అది పోయడానికి లేదు. కాబట్టి ప్రతి కొత్త చేపనూ విడి తొట్టెలో కొన్ని వారాలుంచి, రోగం లేదని తేలాకే లోపలికి పంపాలి. చేపలకు ఒకసారి జబ్బు పట్టాక వాటన్నిటినీ బయటికి తీసి, పగడాల తొట్టెను రెండు నెలలకు పైగా చేపలు లేకుండా ఉంచాల్సి వస్తుంది.

మనుషులకూ ఒక హెచ్చరిక ఉంది. బటన్ పాలిప్‌లని పిలిచే కొన్ని జోఅంథిడ్ జాతుల్లో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. దీన్ని 1971లో హవాయి శాస్త్రజ్ఞులు వేరుచేసి చూపించారు. ఆ జీవులు అంటుకున్న రాళ్లను శుభ్రం చేద్దామని మరిగించి, ఆ ఆవిరి పీల్చి కుటుంబాలకు కుటుంబాలే ఆసుపత్రి పాలైన సంఘటనలు పలు దేశాల్లో జరిగాయి. తొట్టె రాళ్లను ఎన్నడూ మరిగించకూడదు. చేతికి గాయముంటే తొడుగు లేకుండా నీటిలో చేయి పెట్టకూడదు.

ఎక్కడినుంచి తెచ్చుకోవాలి

మంచినీటి అక్వేరియం చేపల్లో అత్యధిక భాగం చెరువుల్లో, తొట్టెల్లో పుట్టినవే. చెన్నై కొలత్తూరులోనూ కోల్‌కతా చుట్టుపక్కలా వేల కుటుంబాలు ఈ పెంపకం మీద బతుకుతున్నాయి. సముద్రపు చేపల సంగతి వేరు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2003 నివేదిక ప్రకారం ఏటా 2 కోట్లకు పైగా సముద్రపు చేపలు, కోటికి పైగా పగడాలు ఈ వ్యాపారంలోకి వచ్చేవి. చేపల్లో ఎక్కువ భాగం దిబ్బల దగ్గర పట్టినవే. ఫిలిప్పీన్స్‌లో 1960ల నుంచి సయనైడు చిమ్మి చేపలను మత్తెక్కించి పట్టే అలవాటు వ్యాపించింది. ఆ విషం చుట్టూ ఉన్న పగడాలను కూడా చంపుతుంది. చేప ఎలా పట్టుబడి వచ్చిందో తెలుసుకోవాల్సిన బాధ్యత మంచినీటి తొట్టె నడిపేవారికి ఎదురుకాదు; అది ఉప్పునీటి తొట్టె పెట్టినరోజే మొదలవుతుంది.

పరిస్థితి కొంత మారింది. ఫ్లోరిడాలో మార్టిన్ మో 1970ల ఆరంభంలోనే క్లౌన్ చేపలను తొట్టెల్లో పుట్టించి అమ్మకానికి పెట్టాడు. పసుపు టాంగ్‌ను 2015లో హవాయిలో, నీలి టాంగ్‌ను 2016లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో పెంచగలిగారు. పగడాలను ముక్కలుగా కోసి, జిగురుతో బిళ్లలకు అంటించి పెంచడం ఇళ్లలోనే సాధ్యమైంది. లండన్‌లోని హోర్నిమన్ మ్యూజియం చంద్రకళలను, రుతువులను దీపాలతో అనుకరించి పగడాలు తొట్టెలోనే గుడ్లు విడిచేలా చేసింది. ఆ మ్యూజియం సహకారంతోనే 2019లో ఫ్లోరిడా అక్వేరియం అంతరించే దశలో ఉన్న స్తంభపు పగడం చేత ప్రయోగశాలలో మొదటిసారి గుడ్లు పెట్టించింది. ఇళ్లలో తొట్టెలు నడిపినవారు మెరుగుపరిచిన దీపాలు, నీటి నియంత్రణ పద్ధతులు ఆ పనికి ఆసరా అయ్యాయి.

భారతదేశంలో ఈ అభిరుచికి చట్టం గీత గీసింది. మన్నారు సింధుశాఖలో సున్నం కోసం ఏళ్ల తరబడి పగడపు రాళ్లను తవ్వారు. 2001లో కేంద్ర ప్రభుత్వం దిబ్బలు కట్టే గట్టి పగడాలను, నల్ల పగడాలను, ఆర్గన్ పైప్ పగడాన్ని, ఫైర్ పగడాలను, సముద్రపు విసనకర్రలను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది. సముద్రపు గుర్రం చేపలకూ అదే రక్షణ దక్కింది. సముద్రం నుంచి వీటిని తీయడం, అమ్మడం, దగ్గర ఉంచుకోవడం నేరం. విదేశీ పగడాలైతే ఫరవాలేదని దుకాణాల్లో వినిపించే మాట నమ్మదగింది కాదు. గట్టి పగడాలన్నీ అంతర్జాతీయ సైటీస్ ఒప్పందం పరిధిలో ఉన్నాయి. ఆ ఒప్పందంలోని విదేశీ జాతులను పెంచేవారు నమోదు చేయించుకోవాలని వన్యప్రాణి చట్టానికి 2022లో వచ్చిన సవరణ చెబుతోంది.

అందువల్ల తెలుగు రాష్ట్రాల్లో మంచినీటి నుంచి ఉప్పునీటికి మారేవారు అమెరికా తొట్టెల వీడియోలను యథాతథంగా అనుకరించలేరు. ఎండు రాళ్లు లేదా సిమెంటుతో చేసిన రాళ్లు, సముద్రపు నాచులు, నత్తలు, రొయ్యలు, తొట్టెలో పుట్టిన చేపలతో నడిపే తొట్టె వీరికి సరైన మొదలు. నీటి లెక్కలన్నీ అక్కడే నేర్చుకోవచ్చు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, తమిళనాడులోని పరంగిపేట్టైలో ఉన్న అణ్ణామలై విశ్వవిద్యాలయ సముద్ర జీవశాస్త్ర కేంద్రం క్లౌన్ చేపలను పుట్టించి పెంచే పద్ధతులు రూపొందించాయి. లక్షద్వీప్‌లోని అగత్తిలో జాతీయ మత్స్య జన్యువనరుల బ్యూరో సాయంతో స్థానిక మహిళలు అలంకార రొయ్యలను పెంచుతున్నారు. హేచరీలో పుట్టిన క్లౌన్ చేప ఇంటి తొట్టెలోకి వచ్చిన మొదటి రోజు నుంచే గుళికల మేత అందుకుంటుంది. సముద్రంలో పట్టి తెచ్చినదానికి అది అలవాటు చేయడానికి వారాలు పట్టవచ్చు. చేప ఎక్కడ పుట్టిందో చెప్పలేని దుకాణంలో దాన్ని కొనకపోవడమే మేలు.